చివరి పది నిమిషాలు

బ్రోకెన్ హిల్‌లో, మా సినిమా హాల్లో,
శుక్ర శనివారాలు చీపురు పట్టేవాళ్ళం
నేనూ, టామ్సిన్ ట్రెలోర్.
ఇద్దరికీ పదహారేళ్ళు.
ఆట ముగియడానికి పది నిమిషాల ముందు
లోపలికెళ్ళి గోడవార నిలబడాలి.
అందుకే ఆ ఏడాది వచ్చిన పడుచు సినిమాలన్నిటికీ
నాకు ముగింపులే తెలుసు.

ముగింపుల్లో వాన పడుతుంది.
ఎక్కడ తిట్టుకున్నారో తెలీదు, ఇద్దరు స్నేహితురాళ్ళు
బస్టాండులో కావలించుకుంటారు.
ఒక పిల్ల జుట్టు కత్తిరించుకుని అద్దంలోకి చూసి
ఓహో నువ్వా, అన్నట్టు నవ్వుతుంది.
అబ్బాయి పరుగెత్తుకొస్తాడు. ఎప్పుడూ పరుగే.
ముందురోజు తీరిగ్గా నడిచొచ్చి చెప్పకూడదా
అనేది టామ్సిన్, ఎవరో వదిలేసిన పాప్‌కార్న్ నముల్తూ.

మా ఊళ్ళో వాన పడి పద్నాలుగు నెలలు.
గని వైపునుంచి లేచిన ఎర్రదుమ్ము
తలుపు సందుల్లోంచి వచ్చి టికెట్ల పుస్తకం మీద కూర్చునేది.
లాకీ అని ఒకడు టోపీ మరచిపోయి వెళ్ళాడు.
తొమ్మిది రోజులు దాచాను దాన్ని,
ఏం మాట్లాడాలో పది రకాలుగా అనుకుని.
వచ్చాడు. థాంక్స్ అన్నాడు. దులిపి పెట్టుకున్నాడు.
వెనకాల వయొలిన్ ఏదీ మోగలేదు.
ఐస్‌క్రీం ఫ్రిజ్ మాత్రం గుర్రుమంది.

స్టాఫ్ బాత్రూంలో నా జుట్టు కూడా కత్తిరించింది టామ్సిన్,
పార్సిళ్ళు కోసే కత్తెరతో.
అద్దంలో నేనే ఉన్నాను, వంకర క్రాఫుతో.
నైట్ డ్యూటీ దిగొచ్చిన అమ్మ
"ఏ ఎలక కొట్టిందే?" అంది.

టామ్సిన్‌తో నేనెప్పుడూ పోట్లాడలేదు.
వాళ్ళు అడిలైడ్ వెళ్ళిపోయారు.
రెండు ఉత్తరాలు, ఒక పుట్టినరోజు ఫోను,
తర్వాత నంబరు మారింది,
తనదో నాదో గుర్తులేదు.
దీన్ని ఎలా తియ్యాలో
ఏ కెమెరాకీ తెలిసినట్టు లేదు.

మొన్న పెర్త్ విమానంలో, ముప్ఫయ్యారేళ్ళకి,
అరచేయంత తెరమీద
వాటిలో ఒకటి మొదటినుంచీ చూశాను.
గంటసేపు ఏమీ జరగదు.
ఇద్దరు పిల్లలు గోడమీద కూచుని నారింజలు ఒలుచుకుంటారు.
గింజలు ఎవరు దూరం ఊస్తారో పందెం.
టీచరు నడకని వెక్కిరిస్తారు.
పొద్దు పోదు,
పోవాలని వాళ్ళకీ లేదు.

లోపల ఈ గంట నడుస్తున్నప్పుడల్లా
వెనక మెట్లమీద, చీపుర్లు గోడకి ఆనించి,
మేం చేస్తూ ఉన్నది ఇదే.

ఇంకా పది నిమిషాలుంది.
తెరమీద మబ్బు పట్టింది.
ఆపేశాను.