ఎడమ కాలు మూగది

కురుమూర్తి జాతరల
నేను పిల్లల చెప్పులమ్ముత.
నడిస్తే కీసుమనేవి,
మడిమ కింద రూపాయి బిళ్లంత పీక ఉండేవి.

పొద్దుగాల నుంచి ఒకటే మాట అరుస్త:
"తొడిగి ఇడువుండ్రి తల్లీ,
యాడికి వోయినా సప్పుడే పట్టిస్తది!"
నిజమే అనుకునేటోణ్ణి.
పదకొండేండ్లు ఆ మాట మీదనే
బియ్యం కొన్న, బిడ్డ ఫీజు కట్టిన.

ఆయాల ఉద్దాల దినం.
వడ్డెమాను దిక్కుకెల్లి స్వామి పాదుకలొస్తున్నయని
జనం ఒక్కపారి కదిలిండ్రు
అలుగు దుంకిన చెరువు లెక్క.
ఒకని భుజం ఇంకొకని దవడకు,
శీకుల పొగ అందరి కండ్లల్ల.

గంట ముందు కొన్నదామె.
నర్వ దిక్కు మనిషి,
అంజిలమ్మ అని ఎనుక తెలిసింది.
చంకల పిలగాడు, సంచిల కొబ్బరికాయలు.
ఎడమ చెప్పు నొక్కి చూసింది,
గాలి వచ్చింది గని కూత రాలే.
"మూగదానికి పూర పైసలెట్లిస్తనే అన్నా?"
పది తగ్గిచ్చుకొని పోయింది.
పాడు మాలు వోయింది, పీడ వోయిందనుకున్న.

ఇప్పుడు మల్ల నా ముందర నిలవడ్డది.
చంక ఖాళీ.
"నీ చెప్పులే! అన్నీ నీ చెప్పులే!
ఏ దిక్కు చెవి పెట్టినా కీసు కీసుమంటున్నయి.
ఎవని ఎనుక ఉరకాలె నేను?"

అప్పుడు ఇన్న.
ఇన్నేండ్లకు అదే మొదలు ఇనుడు.
నేనమ్మిన జతలన్నీ
గుట్ట కింద పిచ్చుకల మంద లెక్క.
ఒక్కణ్ణి దొరకవట్టే సప్పుడు
వందమందిల ఆ ఒక్కణ్ణే దాస్తదని
అమ్మేటోనికి ఎవరు చెప్తరు?

మైకుల పిలుస్తుండ్రు:
"అన్వేష్, మూడేండ్లు, పచ్చ అంగి,
ఎక్కడున్నా పోలీసు డేరా కాడికి రావలెను."
మూడేండ్లోడు డేరాకు ఎట్లొస్తడు?
పైగ అది ఆధార్ కార్డుల పేరు.
ఇంట్ల వాడు బంటిగాడు.
అన్వేష్ ఎవడో వానికే ఎరుక లేదు.
ముంజేతికి ఫోన్ నంబరు రాసిందంట బాల్ పెన్నుతోని.
చెమటకు, జిలేబి పాకానికి
ఎన్ని అంకెలు మిగిలినయో.

"నువ్వు ఈన్నే ఉండు అక్కా,
చెప్పులు కొన్న జాగ వానికి యాదుంటది.
నువ్వు గూడ తిరిగితే ఇద్దర్ని ఎతకాలె."
పక్కన గాజుల బాలకిష్టమ్మకు ఆమెను అప్పజెప్పి
జనంలకు దిగిన.

కండ్లతోని ఎతకలే.
మోకాలంత పిలగాడు
మనుషుల నడుమ కండ్లకు ఆనడు.
వంగి నడిసిన, చెవులు నేల దిక్కు పెట్టి.
కీసు కీసు. అవ్వ ఏలు వట్టుకున్న పిల్ల, కాదు.
కీసుకీసుకీసు. ఉరుకుతుండు, ఎనుక తండ్రి తిడుతుండు, కాదు.
మీదికెల్లి ఉద్దాలు పోయినయంట.
అందరు చేతులు లేపిండ్రు.
నాకు మొక్కే తీరిక లేదు,
నా చెవి ఇంకా కిందనే ఉన్నది.

రంగులరాట్నం ఎనుక
జనరేటర్ మోతల
కొబ్బరి పీసు కుప్ప కాడ

కీసు

కీసు

నడుమ ఒక అడుగు మూగది.

పచ్చ అంగి. ఏడుస్తలేడు.
ఐసు పుల్ల వట్టుకొని
చీమల బారు సుట్టు తిరుగుతుండు.
"బంటీ," అన్న.
తలెత్తి ఎగాదిగ చూసి,
"మా అమ్మ తప్పిపోయింది," అన్నడు,
నేనే ఎతికి తేవాలన్నట్టు.

వాన్ని చూసినంక
అంజిలమ్మ ఈపుల ఒక్కటి సరిసింది,
గప్పుడు ఏడ్సింది.
నాకు దండం పెట్టలే, నేను పెట్టిచ్చుకునేటట్టు గూడ లేను.
"మంచి జత ఇస్త, పైసలొద్దు," అంటే
చెప్పు దిక్కు చూసి తల అడ్డం ఊపింది.
"మూగదే ఉండనియ్యి."

ఇప్పటికీ అమ్ముత. పూట గడవాలె గద.
అరుపు మాత్రం మార్చిన:
"సప్పుడును నమ్ముకోకుండ్రి తల్లీ, చెయ్యి ఇడువకుండ్రి!"
గిరాకి తగ్గింది, నిజం చెప్పాలంటే సగానికి.
కొన్నోళ్లను ఆపుత ఒక్క నిమిషం.
నల్ల మార్కరు తీసి
చెప్పు లోపలి అట్ట మీద నంబరు రాస్త.
రాసినంక పిల్లగాని ముందర కూసొని అడుగుత:

పేరేంది రా?
కార్డుల పేరు కాదు.
అన్నం తినెటప్పుడు మీ అమ్మ పిలుస్తది సూడు,
గది చెప్పు.