మెల్లగ

పదకొండేండ్లు నేను పైన, క్రేన్ డబ్బాల.
ముత్తిలింగం కింద, ఎండల.
ఆయన గొంతు ఎట్లుంటదో నాకు సరిగ్గ తెల్వది.
హమ్రియా యార్డుల ఇనుము మీద ఇనుము పడుతుంటే
ఎవ్వని గొంతైనా ఒకటే.

నాకు ఎరుకైనయి ఆయన చేతులు.
చూపుడేలు పైకి పెట్టి తిప్పితే లేపాలె,
కిందికి తిప్పితే దించాలె,
ఆ ఏలు మీద రెండో అరచెయ్యి గొడుగు పట్టినట్టు పెడితే
మెల్లగ.
నలభై టన్నుల పైపు ఆ గొడుగు కిందనే నడిచేది.

మెడల ఒక ఈల.
ఊదిండంటే నెత్తి మీద బరువు పోతుంది,
తప్పుకోండ్రి.

మొదలు నిలబడంగనే కండ్లకు చీకట్లు గమ్మినయి.
ఎండదెబ్బ అన్నరు, లబన్ తాపిన్రు.
తర్వాత మాట పలుచనైంది.
ఉప్పు అడిగితే ధన్‌బహదూర్ పప్పు గిన్నె జరిపేటోడు,
ఈయన నవ్వి పప్పే పోసుకునేటోడు.

ఒక రాత్రి క్యాంపు రూముల ఈల మోగింది.
ఆరుగురం లేచి కూసున్నం,
ఎవని నెత్తి మీద ఏం పోతుందోనని.
లైటేస్తే
ఈల మేకుకు ఏలాడుతుంది.
మోగుతున్నది ముత్తిలింగం గొంతు,
ఊపిరి లోపలికి గుంజినప్పుడల్లా.

గురక కాదన్నది డాక్టరమ్మ.
మెదడు అరుగుతుందట.
గొంతుల రెండు తీగలు
మాటకు దగ్గరికి రావాలె, ఊపిరికి పక్కకు జరగాలె.
ఈయనయి జరుగుతలేవు.
"పైనుంచి సిగ్నల్ వస్తలేదా?" అన్న.
ఆమె నన్ను కొంచెం సేపు చూసి, అవునన్నది.

అప్పటిసంది రాత్రిళ్లు వంతులు.
మోగుతుంటే పండుకోవాలె,
ఆగితే లేవాలె.
నా వంతు కాని రాత్రి గూడ
నిద్రల లెక్కపెట్టుకుంట పండుకున్న.

ఇయ్యాల అడిగిన్రు:
మెడకు తూటు పెట్టి గొట్టమేస్తం,
ఊపిరాడుతది. మిగిలిన మాట పోతది,
ఆ ఈల గూడ.
ఊఁ అంటవా, వద్దంటవా?

పెదవులు కదిలినయి. ఉత్త గాలి.
నర్సు పెన్నిచ్చింది, జారిపోయింది.
అందరు ఆయన మొఖం చూస్తున్నరు.
నేను చేతులు చూసిన.

ఎడమ చూపుడేలు దుప్పటిల నుంచి లేచింది,
చుట్టు తిరగబోయి సగంల ఆగింది.
కుడి అరచెయ్యి వణుక్కుంట వచ్చి
దాని మీద నిలబడ్డది.

పదకొండేండ్లల్ల మొదటిసారి
నేను ఆయన పక్కన, కిందున్న.
నా చెయ్యి లివర్ కోసం దేవులాడింది,
మంచం అంచు దొరికింది.

"ఏమంటుండు?"

లేపమంటుండు, డాక్టరమ్మా.
మెల్లగ.