నాలుగో గుంజ

బీల గట్టు మీద బాట మాదే.
సర్కారు వేసింది కాదు, ఊరు వేసింది.
ఇంటికో గుంజ, మనిషికో పూట పని.
మొగలి పొదలు నరికిన చేతులకు
వారం రోజులు గీతలు.

సోంపేట నుంచి సున్నం తెచ్చి
పన్నెండు గుంజలకీ పూసి, అంకెలు నేనే రాశాను.
ఒకటి దగ్గర తుంగ.
రెండు దగ్గర సగ్గుబియ్యంలా నత్తగుడ్లు.
మూడు దగ్గర ఎవరూ మాట్లాడకూడదు,
వినాలి, అంతే.

ఆరో తరగతి, ముప్పై ఒక్కరు.
చెప్పులు చేతుల్లో పట్టుకుని నడిచారు.
నేను బూట్లతో నడిచాను,
అందుకే జారింది నేనే.
లోలాక్షి చెయ్యిచ్చి లేపింది, నవ్వలేదు.
మిగతా ముప్పైమందీ నవ్వారు.
కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.
మూడో గుంజ పాఠం అలా ముగిసింది.

నాలుగో గుంజ లేదు.
గొయ్యి మాత్రం ఉంది,
అందులో అప్పుడే కాపురం పెట్టిన ఒక కప్ప.
గట్టు దిగువన చూస్తే
దాలమ్మ గేదె,
తాడు చివర గుంజ,
గుంజ మీద నా చేతిరాతలో నాలుగు.

"ఏటమ్మా ఇది?" అన్నాను.
"గుంజ మాదే కదా మేస్టారూ,
మా ఇంటి లెక్కకి నానే ఇచ్చినాను.
సాయంత్రానికి మళ్ళీ పాతేత్తాను.
నా గేదె సదువుకోవద్దేటి?"

నా దగ్గర జవాబు లేదు.
డిల్లేసు అప్పటికే కాగితం తీశాడు.
గేదె వెనక నడిచే కొంగ
నిమిషానికి ఎన్నిసార్లు పొడుస్తుందో.
పదకొండన్నాడు. ఇంకొకడు పన్నెండన్నాడు. గొడవ.
మళ్ళీ లెక్క,
ఈసారి ముప్పై ఒక్కరూ ఊపిరి బిగబట్టి.
గేదె అడుగేస్తే గడ్డిలోంచి మిడత లేవడం,
మిడత లేచిన చోటికే కొంగ మెడ సాగడం
నేను చెప్పలేదు.
చెబుదామని నోరు తెరిస్తే
హైమ "ష్" అంది,
నా వైపు చూడకుండానే.

ఐదు నుంచి పన్నెండు దాకా వెళ్ళనేలేదు.
మధ్యాహ్న భోజనం గంట మోగింది.
ఆ గంట ఒక్కటే వీళ్ళు
ఎంత దూరం నుంచైనా వింటారు.

రాత్రి పుస్తకాలు దిద్దుతున్నాను.
ఏ గుంజ దగ్గర ఏం చూశావు?
ఒకటి తుంగ. రెండు నత్తగుడ్లు.
మూడు, మేస్టారు జారిపోనారు.
నాలుగు దగ్గర లోలాక్షి ఒక్క వాక్యం రాసింది:
'నాలుగో గుంజ గడ్డి ఉన్న చోటికి వెళ్తుంది.'

ఎర్రసిరా కలం మూత తీసి
చాలాసేపు అలాగే కూర్చున్నాను.
మార్కు వేయలేదు.
బయట వాన అందుకుంది.
దాలమ్మ గుంజ పాతిందో లేదో.