ఇతర వివరాలు

అమీన్‌పూర్ చెరువు. పొద్దున ఆరుంపావు.
సగం నీళ్లపైన తేలే బోనును తాడు పట్టి లాగితే
ఎండుచేపల వాసనకు దొరికినవాళ్లు ముగ్గురు.

మొదటిది మనది.
చెయ్యి తగిలిందో లేదో
తల, కాళ్లు, తోక లోపలికి లాక్కుని
వెనక తలుపులు కూడా మూసేసుకుంది,
అప్పులాడు వచ్చిన ఇంట్లోలా చడీచప్పుడు లేకుండా.
పదహారు సెంటీమీటర్లు. వీపు మీద తెల్లరంగుతో ఒక అంకె.
నీళ్లలో వదిలితే బురదే అయిపోయింది.

రెండోది నీరుకట్టె.
కొలిచేలోపు బొటనవేలు కరిచింది.
విషం లేదు, ఉన్నదంతా కోపమే.

మూడోది దాక్కోలేదు.
చెవుల దగ్గర ఎర్రచారలు, మెడ చాచి
నా వేళ్లలో ఏదో వెతుకుతోంది.
చేతులు తెలిసిన ప్రాణి.
తిప్పి చూస్తే పొట్ట పెంకు మీద
గులాబీ గోళ్లరంగుతో, వంకరగా: బబ్లూ.

వలలో నాచు ఏరుతూ మల్కయ్య అడిగాడు
"గిది మన దిక్కుది కాదా మేడం?"
కాదన్నాను. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు కొంటారు,
పళ్లెమంత అయ్యాక తెచ్చి
చెరువులో వదిలి పుణ్యం అనుకుంటారు.
"మరి మీదే ఊరు?"
నర్సీపట్నం.
"గట్లయితే నిన్ను ఏ వరుసల రాస్కోవాలె?"

ఇద్దరం నవ్వాం.
కానీ ఆ పోలిక నాకొద్దు మల్కయ్యా, అటు చూడు.
నీళ్లలో ఒరిగిన సిమెంటు స్తంభం ఒక్కటే ఉంది.
దాని మీద ఎర్రచెవులవి ఐదు, ఒకదాని మీదొకటి.
చుట్టూ నీళ్లలో మనవాటి ముక్కుకొనలు,
చుక్కలు చుక్కలుగా.
చన్నీళ్ల ఒంటికి ఎండ కూడా తిండే.
పొద్దెక్కుతోంది. ఎవరూ దిగడం లేదు.

వెనక కాలి పక్కన లోపలికి వేలు పెట్టి చూశాను.
బబ్లూ ఆడది.
ఉసిరికాయలంత గుడ్లు, ఆరో ఏడో,
వేలి కింద మెల్లగా జరిగాయి.

జాతి. పొడవు. బరువు.
తిరిగి వదిలామా? లేదు.
బకెట్‌పైన తడి గోనెపట్టా.
బీరంగూడ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు
పట్టా అంచు కింది నుంచి ఒక తల పైకొచ్చింది,
మళ్లీ నా చేతి కోసమే.
డబ్బాలో దోసకాయ ముక్క ఉంటే పెట్టాను.
పెట్టకూడదు. తెలుసు.

'ఇతర వివరాలు' గడి చాలాసేపు ఖాళీగా ఉంచాను.
తర్వాత రాశాను:
పేరు ఉంది.