పదిమందిని తొమ్మిది చేసే పని

జుబైల్‌లో శుక్రవారం తెల్లారకముందే
పైపుల యార్డు వెనక ఖాళీ జాగాలో
సున్నం చల్లి గీతలు గీస్తాను.
మూడు మూలల్లో ఇసుక నింపిన సిమెంటు సంచులు,
నాలుగో మూల పాత గాస్కెట్ రబ్బరు కోసి చేసిన పలక.
బేస్‌బాల్‌లో దాని పేరు ఇల్లు.
మొదటిరోజు ఆ పేరు విని అందరూ నవ్వారు.
ఇప్పుడెవరూ నవ్వరు.
దుమ్ములో జారి, మోచేయి గీరుకుపోయినా సరే
ఒక్క వేలు తగిలితే చాలనుకుంటారు.

ప్రాజెక్టు అయిపోయి వెళ్తూ మోరితా సారు
పదకొండు తోలు చేతొడుగులు, రెండు బ్యాట్లు, ఒక లెక్కల పుస్తకం
నా బల్ల మీద పెట్టాడు.
"నువ్వు టైంకీపర్‌వి. ఎవడు ఎప్పుడొస్తాడో తెలుసు.
మేనేజర్‌కి ఇంకేం కావాలి?" అన్నాడు.
చాలా కావాలని తర్వాత తెలిసింది.

మొదటి ఏడాదంతా అరిచాను.
అరుపు ఫోర్‌మన్ భాష.
ఆరురోజులు విన్నది ఏడోరోజూ వినడానికి
నిద్ర మానుకుని ఎవడొస్తాడు?
ఒక శుక్రవారం నలుగురే వచ్చారు.
నలుగురం సున్నం గీతల మధ్య చాయ్ తాగి వెళ్లిపోయాం.

రోడెల్ విసిరితే బంతికి అంచు మొలుస్తుంది.
వారమంతా గ్రైండర్ పట్టిన భుజం అది.
అరవై విసుర్లు దాటాక చాలంటే వినడు.
అందుకే బంతి జేబులో వేసుకుని
కనపడటం లేదని అబద్ధం చెప్తాను.
నిశాంత నైట్‌షిఫ్ట్ దిగి నేరుగా వచ్చి
నిలబడే కునుకు తీస్తాడు,
బంతి అటు వెళ్తే కాళ్లు ముందు లేస్తాయి, కళ్లు తర్వాత.
టేక్‌బహదూర్ చేతుల్లోంచి బంతులు జారుతున్నాయంటే
రాత్రి ఇంటినుంచి ఫోనొచ్చిందని అర్థం.
ఏమైందని అడగను.
పక్కన కూర్చుని వాడి చేతొడుగుకి నూనె రాస్తాను.

మేం పదిమందిమి. ఆడేది తొమ్మిదిమంది.
ప్రతివారం ఒకణ్ని కేబుల్ డ్రమ్ము మీద కూర్చోబెట్టాలి.
వాడి మొహం చూస్తూ ఆ మాట చెప్పడమే నా పని,
మిగతాదంతా సున్నం చల్లడమే.

ఇక లింబాద్రి.
మెట్‌పల్లి పక్క పల్లెటూరి మనిషి, స్కాఫోల్డింగ్ కడతాడు.
నేను ఎడమ చెవి పట్టుకుంటే
బ్యాటు అడ్డంపెట్టి బంతిని మెల్లగా కిందికి తట్టాలి.
వాడు ఔటవుతాడు, ముందున్నవాడు ఒక మూల ముందుకెళ్తాడు.
మూడేళ్లు చెవి పట్టుకున్నాను, మూడేళ్లు తట్టాడు.
మోరితా సారు నేర్పిన లెక్క ప్రకారం
అలా తట్టిన బంతి వాడి ఖాతాలో పడదు.
తప్పూ కాదు, ఒప్పూ కాదు, అసలు ఆడినట్టే కాదు.
హాజరు పట్టీలో ఒక్క శుక్రవారం తప్పనివాడి పేరు పక్కన
ఆ పుస్తకంలో ఎన్ని ఖాళీ గళ్లో
ఒకరాత్రి లెక్కపెట్టి, మధ్యలో ఆపేశాను.

వాడికి ఎగ్జిట్ కొట్టారు. బుధవారం విమానం.
ఆఖరి శుక్రవారం దమ్మామ్ జట్టుతో ఆట,
ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం, రెండో మూల మీద నిశాంత.
ఎవరూ ఔటవలేదు. చెవి పట్టుకోవాల్సిన సమయమే.
లింబాద్రి నావైపు చూశాడు.
నేను రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాను.
మళ్లీ చూశాడు. ఫ్లేర్ మంట వైపు తల తిప్పుకున్నాను.

మూడుసార్లు ఊపాడు.
మూడుసార్లూ భుజాలు నడుము దాటి తిరిగాయి.
ఒక్కటీ తగల్లేదు.

"అన్నా, గాలిని మస్తుగ కొట్టిన" అంటూ
నవ్వుకుంటూ వచ్చి డ్రమ్ము మీద కూర్చున్నాడు.
ఒక్క పరుగుతో ఓడిపోయాం.
రోడెల్ వారంరోజులు నాతో మాట్లాడలేదు, వాడి కోపం న్యాయమే.
మేనేజర్‌గా అది తప్పు. మళ్లీ వస్తే
ఏం చేస్తానో నాకే తెలీదు.

వాడి గడిలో ఆరోజు ఔట్ అని రాశాను,
పెన్ను గట్టిగా నొక్కి.

తర్వాతి శుక్రవారం సున్నం చల్లి తలెత్తి చూస్తే
తొమ్మిదిమందే నిలబడి ఉన్నారు.
నేనెవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు.