కుడి ఎడమలు

తిబిలిసిలో మెట్రో చాలా లోతు.
కదిలే మెట్ల మీద నిలబడితే
అడుక్కి చేరడానికి రెండు నిమిషాల పైచిలుకు.
ఎదురు వరుసలో పైకొచ్చే ఒక్కో మొహం
నాకు దొరికేది మూడు క్షణాలు.
అందులో ఒకటి మొహమాటానికి పోతుంది.

ఇంటికెళ్ళి, స్వెటర్ విప్పకుండానే
గాజు పలక మీద సిరా లేని కలం పెడతాను.
అరగంట గడువు. ఒకటే పొర.
అన్‌డూ మీట మీద టేపు అంటించేశాను.
తప్పుని వెనక్కి పిలిచే అలవాటు
చేతికి మంచిది కాదని ష్మాగి అనేవాడు.
నూనెరంగుల మనిషి,
దగ్గితే టర్పెంటైన్ వాసన.

ముందు కళ్ళూ ముక్కూ వెయ్యను.
తొందరపెడితే అబద్ధాలాడతాయవి.
కళ్ళు చికిలించి
వెలుగు ఎక్కడ ఆగిపోయిందో, అంతవరకే.
పుర్రె ముందు, మనిషి తర్వాత.

చర్మానికి చర్మం రంగు లేదు.
ఇది తెలియడానికి నూటనలభై మొహాలు పట్టింది.
నుదుటి మీద పలచటి పసుపు.
చెవులూ, ముక్కు కొనా, నెత్తురు పైకి తేలే చోటల్లా
దానిమ్మ.
పొద్దున్నే గీసిన గడ్డం మీద పావురం బూడిద.
దవడ నీడలో, నమ్మండి, ఆకుపచ్చ.

డబ్బిచ్చి వేయించుకునేవాళ్ళకి ఇవి చూపించను.
జాబా అని ఒక పెళ్ళికొడుకు
తన దవడ కింద ఆకుపచ్చ చూసి
"నాకేమన్నా జబ్బా?" అన్నాడు.
వాళ్ళకి కావలసింది ముఖస్తుతి.
అద్దె కట్టాలి కనక అదీ చేస్తాను
మెత్తటి కుంచెతో, పదేళ్ళు తగ్గించి.

రెండువందల పన్నెండో మొహం ఎతేరిది.
మెట్ల అడుగున గాజు గదిలో కూర్చుంటుంది.
ఎవరైనా పడితే మెట్లు ఆపడం ఆవిడ పని.
పందొమ్మిదేళ్ళలో నాలుగుసార్లు ఆపిందట.
మిగతా కాలమంతా
జనం ఆవిడ మీదికి దిగుతూనే ఉన్నారు.

ముందున్న తెర వెలుగు కిందనుంచి కొడుతుంది.
గడ్డం తెలుపు, కళ్ళు రెండు గుంటలు,
పిల్లల్ని జడిపించడానికి టార్చి పెట్టుకున్నట్టు.
పదకొండుసార్లు గీశాను.
పదకొండుసార్లూ ఎవరో అక్కచెల్లెళ్ళు వచ్చారు.
పన్నెండోసారి ఆవిడే వచ్చింది,
అనుకున్నాను.

రాత్రి జనం పలచబడ్డాక పట్టుకెళ్ళి చూపించాను.
కళ్ళజోడు తుడుచుకుంది.
చాలాసేపు చూసింది.
"మా పిన్ని అచ్చం ఇలాగే ఉండేది" అంది, మర్యాదగా.

ముఖం చెల్లలేదు నాకు.
తప్పెక్కడుందో చూద్దామని
అలవాటుగా బొమ్మని కుడి ఎడమలు తిప్పాను.
ఒరిగిపోయిన దవడనీ, జారిన కన్నునీ
ఇట్టే పట్టిచ్చే చిట్కా అది.

"ఆగు" అంది ఎతేరి.
తెరకి ఆనీ ఆననట్టు వేలు పెట్టి
"ఇదిగో, ఇది నేను."

నాకు తట్టనే లేదు.
యాభై ఏడేళ్ళుగా ఆవిడ తనని
అద్దంలోనే కదా కలుసుకుంటోంది.
కనుబొమ తెగిన గీత
ఆవిడకి ఎప్పుడూ ఎడమ పక్క,
దిగొచ్చే మాకందరికీ కుడి పక్క.
నేను తప్పులు వెతకడానికి వెళ్ళే గదిలో
ఆవిడ కాపురముంటోంది.

మళ్ళీ మొదటి వైపుకి తిప్పమంది.
"అయితే వీళ్ళంతా రోజూ చూసేది మా పిన్నినా!"

ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే
పైనుంచి ఒక కుర్రాడు
మెట్లు రెండేసి దూకుతూ వస్తున్నాడు.
ఎతేరి మైకు అందుకుంది. "మెల్లగా, నాయనా!"
అప్పుడు పెదవి ఒక మూల
పైకి లాగి వదిలింది.
నా పన్నెండు బొమ్మల్లోనూ అది లేదు.

పైకెళ్ళే మెట్లెక్కి
రైలింగుకి ఆనుకుని పలక తెరిచాను.
ఇంకా ఒక క్షణం మిగిలుంది.