పాలపొడి డబ్బా

శుక్రవారం మధ్యాహ్నాలు గాలి సరస్సు మీంచి వీస్తుంది.
ఖటా బే రేవులో ఆరబోసిన ఉసిపా చేపల వాసన
మా తరగతిలో హాజరు వేయించుకుంటుంది.
మేం నలభై ఒక్క మందిమి.

నర్సింగు కాలేజీ నుంచి ఇద్దరు వచ్చారు.
టీచర్లు కారు, రెండో ఏడు చదువుతున్నవాళ్ళు.
తెమ్వా చెప్పులకి ఇంకా రేవు ఇసుక ఉంది.
కుంబో మాకన్నా నాలుగేళ్ళే పెద్ద,
మీసం ఇంకా ఏ సంగతీ తేల్చుకోలేదు.

"ఆరోగ్యం గురించి చెబుతారు" అన్నాడు హెడ్మాస్టరు,
ఆ మాటని పట్టకారుతో పట్టుకున్నట్టు.
ఏదో పనుందని వెళ్ళిపోయాడు.
కిటికీ అవతల ఆయన బూట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

తెమ్వా సంచీలోంచి పాలపొడి డబ్బా తీసింది.
మూత మీద కత్తితో కోసిన గాటు.
"పేరు రాయొద్దు.
అడగాలనుకున్నది రాయండి,
అడగకూడదనుకున్నది కూడా."

నేను ఎడమచేత్తో రాశాను.
నా రాత బెంచీ అంతటికీ తెలుసు మరి.

ఒక్కో చీటీ విప్పి గట్టిగా చదివింది.
నెలసరి రోజుల్లో ఈతకెళితే మొసలి పసిగడుతుందా?
తొడుగు ఉతికి మళ్ళీ వాడొచ్చా?
ప్రేమ ఉందంటే ఒప్పుకోవాల్సిందేనా?

"మొసలికి నెల తేదీలు తెలియవు,
అది ఉన్నచోట ఎవరూ ఏ రోజూ ఈదొద్దు" అంది.
"ఉతకొద్దు."
మూడోదానికి కాసేపు ఆగి
"కాదు" అంది.
ఇంకోసారి చదివి, ఇంకోసారి "కాదు" అంది.

కుంబో మొక్కజొన్న కంకికి తొడుగు తొడిగాడు.
రేకుల కప్పు ఎగిరిపోతుందేమో అన్నంతగా నవ్వాం.
కంకి పట్టుకుని నిలబడ్డాడు పాపం,
మినీబస్సు కోసం నిలబడ్డట్టు.
మేం అలిసిపోయాక
గడువు తేదీ ఎక్కడుంటుందో చూపించాడు.

తర్వాత నాది వచ్చింది.
"ఒక్కసారికే వస్తుందా?"
అంతే రాశాను, ఏమిటి వస్తుందో రాయలేదు.
"మలేరియానా?" అన్నారు వెనక బెంచీలో.
అందరికన్నా పెద్దగా నేనే నవ్వాను.

తెమ్వా నవ్వలేదు.
"వస్తుంది. మొదటిసారైనా సరే, ఒక్కసారికే వస్తుంది."

ఆ వేళకి మా అక్క లుసుంగు
బిడ్డని వీపున కట్టుకుని కర్రపెండలం దంచుతుంటుంది.
నా సంచీలో ఉన్న జీవశాస్త్రం పుస్తకం తనదే.
"ఇది ఇంట్లో చదువుకోండి" అని టీచరు దాటేసిన పాఠం దగ్గర
పేజీల అంచులు ఇప్పటికీ విడివడలేదు.

డబ్బాలో అడుగున ఒకటి మిగిలింది.
చేతి చర్మం కింద పెట్టే పుల్ల ఉన్నవాళ్ళు
క్షయ మందులు మింగొచ్చా?
తెమ్వా కుంబో వైపు చూసింది.
కుంబో కంకి వైపు చూశాడు.

"నాకు తెలియదు" అంది.
"కనుక్కుని వచ్చే శుక్రవారం చెబుతాను.
ఎవరడిగారో గానీ, అప్పటిదాకా ఆగకుండా క్లినిక్కులో అడగండి.
రెండు మందులూ మానొద్దు."
అరచేతిలో పెన్నుతో రాసుకుంది.

నల్లబల్ల ముందు నిలబడ్డ నోట
ఆ మాట వినడం మాకదే మొదలు.
ఎవరికీ నవ్వు రాలేదు.
కిటికీ అవతలి బూట్లు ఒక అడుగు దగ్గరికి జరిగాయి.

సాయంత్రం అక్కకి చెప్పాను.
మొసలి సంగతి ముందు, కంకి సంగతి తర్వాత.
నా చీటీ గురించి చెప్పకుండానే
ఒక్కసారి గురించి చెప్పాను.
"ఇప్పుడు చెప్పొచ్చావా" అంది.
రోకలి ఆగలేదు.
పిండి లేచి ఇద్దరి కనురెప్పల మీదా వాలింది.

చాలాసేపటికి అడిగింది:
"బడి మానేసినవాళ్ళు వేయొచ్చా, ఆ డబ్బాలో?"

తెమ్వా అది చెప్పలేదు.
నాకు తెలియదు అన్నాను,
అనడం కష్టంగా లేదు.
నోటుబుక్కు చివరి కాగితం చింపి పెన్ను ఇచ్చాను.
బిడ్డని నా ఒళ్ళో కూర్చోబెట్టి, రోలు అంచున కాగితం ఆనించి రాసింది,
కుడిచేత్తోనే.

పేరు రాయొద్దన్నారు అక్కా, అన్నాను.

అప్పటికే రాసేసింది.